ఆంగ్ల లేఖలలో క్రియయు, దాని తోడి చిన్న మాటయు

కోనసీమలో ఉప్పలగుప్తము మండలము ఒకవైపున అమలాపురమునకు చేరువగను, వేరొకవైపున సముద్రమును అంటియు నున్నది. ఎస్. యానాము ఇసుకతీరము ఆ మండలములోనిదే. పల్లపు నేల యగుటచే, వాన బలముగా కురిసిన యేట చేలలోని నీరు సముద్రమునకు దిగక నిలిచిపోవుచుండును. మురుగు కాలువలు పూడినవనియు, ధాన్యమునకు గిట్టుబాటు ధర లేదనియు కోనసీమ రైతులు 2011లో సార్వా పంటకు విరామము ప్రకటించి, 'క్రాప్ హాలిడే' అను మాటను దేశమంతట వినిపించిరి. కాలువను గూర్చి అర్జీ వ్రాయుట ఆ ప్రాంతమువారికి క్రొత్త పని కాదు. అట్టి అర్జీ ఒకదాని నకలును అక్కడి శ్రోత ఒకరు మాకు పంపి, అందలి ఆంగ్లములో తప్పేమున్నదో చెప్పుమని కోరిరి.

ఆ అర్జీని ఆయన మనుమడు ఆంగ్లములో వ్రాసినాడు. ముత్యములవంటి వ్రాత. కాలువ పూడిక తీయవలెననియు, ఖర్చులో కొంత రైతులు భరించిన మేలనియు ఒక ఉద్యోగి నోటిమాటగా చెప్పియుండెను. పూడిక తీయవలెనను మాట నిజమేనని రైతులందరు ఒప్పుకొనిరి. సొమ్ము మాట ఎవరును ఒప్పుకొనలేదు. మనుమడు మాత్రము, 'వుయ్ అగ్రీడ్ టు ది ప్రపోజల్' అని వ్రాసెను. కొన్ని వారములకు ఒక కార్యాలయమునుండి జవాబు వచ్చినది: మీరు అంగీకరించిన ప్రకారము మీ వంతు సొమ్ము ఎప్పుడు జమచేయుదురో తెలుపుడు, అని. ఆ పెద్దమనిషిని తరువాత మేము కలిసికొన్నప్పుడు, "ఆయ్, మేము అన్నది వేరండి, వాళ్లకి తెలిసింది వేరండి. మధ్యలో ఏ మాట మమ్మల్ని ముంచిందో చెప్పండి చాలు" అన్నారు.

ముంచినది 'టు' అను రెండక్షరముల మాట. 'అగ్రీ' అను క్రియకు 'విత్' చేర్చిన, ఎదుటివాని అభిప్రాయముతో ఏకీభవించుట. మన చేతినుండి పోవునదేమియు లేదు. 'టు' చేర్చిన, ఎదుటివాని ప్రతిపాదనకు సమ్మతించుట. దానికి మనము కట్టుబడుదుము. 'ఆన్' చేర్చిన, ఇద్దరును మాటలాడుకొని ఒక విషయమున ఒక నిర్ణయమునకు వచ్చుట. 'వుయ్ అగ్రీ విత్ ది ఇంజనీర్ దట్ ది డ్రెయిన్ షుడ్ బి క్లియర్డ్' అని వ్రాసియున్న, ఆ జవాబు వచ్చుటకు అవకాశమే లేకపోయెడిది.

ఆంగ్లములో క్రియ వెంట వచ్చు ఇట్టి చిన్న మాటలను ప్రిపొజిషనులందురు. మన భాషలో ఈ పని విభక్తి ప్రత్యయములు చేయును. మనకవి నామము వెనుక అంటుకొనును; వారికి నామము ముందు నిలుచును. ఈ తేడా పిల్లలు తొలి పాఠములలోనే నేర్చుకొందురు. దానితో చిక్కు లేదు. ఏ క్రియకు ఏది తగునో అదియే చిక్కు. ఇది ఆంగ్లమునకు మాత్రమే ఉన్న జబ్బని తలపరాదు. మనము 'అతనిని అడిగితిని' అందుము, 'అతనితో చెప్పితిని' అందుము, 'అతనికి ఇచ్చితిని' అందుము. ఈ మూడింటికి మూడు విభక్తులెందుకని ఒక పరదేశి అడిగిన, మనలో ఎందరము చెప్పగలము? 'పులికి భయపడెను' అనుటయే గాని 'పులిని భయపడెను' అనము. తల్లిభాషలో ఈ జతలు చెవి నేర్పును. పరాయిభాషలో చెవి మన మాట వినదు. అది తనకు తెలిసిన విభక్తినే అనువదించి ఇచ్చును.

అర్జీలోని మొదటి వాక్యమే ఇందుకు సాక్షి: 'వుయ్ డిస్కస్డ్ ఎబౌట్ ది డ్రెయిన్.' ఈ తప్పు ఉప్పలగుప్తములోనే గాదు, హైదరాబాదులోను, చెన్నపట్టణములోను, చదువుకొన్నవారి నోట ప్రతిదినము వినవచ్చును. మన వ్యాకరణమును తెరచిన, ఈ తప్పు ఎక్కడ పుట్టినదో కనబడును. చిన్నప్పుడు మనము కంఠస్థము చేసిన విభక్తుల పట్టికలో ద్వితీయా విభక్తి ప్రత్యయములేవి? ని, ను, ల మాత్రమే గాదు. కూర్చి, గురించి అనునవియు అందులోనివే. అనగా కర్మను చెప్పుటకును, విషయమును చెప్పుటకును తెలుగు వైయాకరణులు ఒక్క గూటిలోనే చోటిచ్చిరి. 'కాలువను గురించి చర్చించితిమి' అని తలచిన చెవికి 'ఎబౌట్' లేని వాక్యము కాలు విరిగినట్లు తోచును. ఆంగ్లమునకు అట్లు తోచదు. 'డిస్కస్' అను క్రియలోనే 'గురించి' అను అర్థము ఇమిడియున్నది. ఆ మాటకు వేరుగా 'ఎబౌట్' తగిలించుట నిండిన కుండకు మరల నీరు పోయుట.

ఈ తప్పునకు వేరొక మూలమును కలదు. అది తెలుగుది కాదు, ఆంగ్లముదే. క్రియకు అక్కరలేని ప్రిపొజిషను దానినుండి పుట్టిన నామమునకు కావలసియుండును. 'డిస్కషన్ ఎబౌట్ ది డ్రెయిన్' అనుట సరియే. 'రిక్వెస్ట్' నామమైనప్పుడు 'ఎ రిక్వెస్ట్ ఫర్ హెల్ప్'. క్రియయైనప్పుడు 'వుయ్ రిక్వెస్ట్ హెల్ప్' మాత్రమే. 'ఆర్డర్' అట్లే: నామమునకు 'ఫర్' కావలెను, క్రియకు వలదు. 'ఎంఫసిస్ ఆన్' అందుము. 'ఎంఫసైజ్' తరువాత 'ఆన్' చేర్చము. 'లాక్ ఆఫ్ ఫండ్స్' సరియైనది. 'ది విలేజ్ లాక్స్ ఆఫ్ ఫండ్స్' సరికాదు. 'రిజెంబ్లెన్స్ టు' అనవచ్చును. 'రిజెంబుల్' క్రియకు 'టు', 'విత్' ఏదియు వలదు. నామము నొకచోట విని, దాని తోకను క్రియకు అతికించుటచే సగము తప్పులు పుట్టుచున్నవని మా అనుభవము. కావున క్రియను, నామమును వేర్వేరు మాటలుగా ఎంచి వేర్వేరుగా నేర్చుకొనుట మంచిది.

'ఎంటర్' అను క్రియ కొంత గడుసుది. ఇంటిలో, గదిలో, కార్యాలయములో ప్రవేశించునప్పుడు దానికి తోడు అక్కరలేదు. ఒడంబడికలో ప్రవేశించునప్పుడు మాత్రము 'ఎంటర్ ఇంటూ ఎన్ అగ్రిమెంట్' అనియే వ్రాయవలెను. కౌలు కాగితములు వ్రాయువారికి ఇది తెలిసియుండుట అవసరము. 'రీచ్' మాట సులభము: అమలాపురము చేరినను, అంత్యమునకు చేరినను 'టు' లేదు. 'అవెయిట్' అనునది తనంత తానే నిలుచును. 'వెయిట్' మాత్రము 'ఫర్' లేనిదే నిలువదు. 'కంప్రైజ్' తరువాత 'ఆఫ్' చేర్చుట ఇంగ్లండులోని పత్రికలలో సైతము కానవచ్చుచున్నది గాని, శ్రద్ధగా వ్రాయువారు ఇంకను దానిని దూరముగనే ఉంచుదురు. 'ది మండల్ కంప్రైజెస్ సెవరల్ విలేజెస్' అనవలెను. 'ఆఫ్' కావలసినచో 'కన్సిస్ట్స్ ఆఫ్' అని క్రియను మార్చుకొనవచ్చును.

పెండ్లి శుభలేఖల మాట చెప్పక తీరదు. 'మారేజ్ ఆఫ్ అవర్ డాటర్ విత్' అని అచ్చువేయించువారిని తప్పుపట్టువారున్నారు. 'మారేజ్' అను నామమునకు 'విత్' చిరకాలముగా ఉన్న తోడే, 'టు'యు చెల్లును. శుభలేఖ చించనక్కరలేదు. క్రియ విషయమున మాత్రము పట్టుదల కావలెను. 'షి మారీడ్ విత్ హిమ్' అనుట చెల్లదు. 'షి మారీడ్ హిమ్' అనియో, స్థితిని చెప్పవలసినప్పుడు 'షి ఈజ్ మారీడ్ టు హిమ్' అనియో వ్రాయవలెను. మన 'తో' అను తృతీయ ఇక్కడ అడ్డుపడుచున్నది. మన పంచమి 'కంటె' కూడ ఇట్టిదే. 'టీ కంటె కాఫీ ఇష్టము' అను తలపునుండి 'ప్రిఫర్ కాఫీ దాన్ టీ' పుట్టినది. ఉండవలసినది 'టు'. లాటిన్ నుండి వచ్చిన 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్‌ఫీరియర్' అను మాటలకును 'టు' తోడు, 'దాన్' వలదు. కొన్నిచోట్ల మన విభక్తి మనకు సాయమే చేయును. 'మీద ఆధారపడు' అన్నను, 'డిపెండ్ ఆన్' అన్నను తలపు ఒక్కటే. కోపము మాత్రము మనకు ఒకరి 'మీద' వచ్చును, ఆంగ్లేయునికి ఒకరి 'తో' వచ్చును: 'ఆంగ్రీ విత్'.

కావలసినచోట తోడును విడిచిపెట్టుట దీనికి ఎదురు తప్పు. మా వృత్తికి దగ్గర ఉదాహరణ చెప్పుదుము. 'వుయ్ ఆర్ లిజనింగ్ ది రేడియో' అని శ్రోతలు వ్రాయుచుందురు. వినబడుట 'హియర్', దానికి తోడు లేదు. చెవియొగ్గి వినుట 'లిజన్'; దానికి 'టు' తప్పదు. రేడియో గదిలో మ్రోగుచుండగా వంట చేసికొనుట మొదటిది, పొయ్యి దింపి కూర్చుండుట రెండవది. 'ఎక్స్‌ప్లెయిన్' అను క్రియ మనిషిని నేరుగా పట్టదు: 'ఎక్స్‌ప్లెయిన్ మి' అనరాదు, 'ఎక్స్‌ప్లెయిన్ ది రూల్ టు మి' అనవలెను. 'ఆన్సర్' నేరుగా ప్రశ్నను పట్టును; 'రిప్లై'కి 'టు' కావలెను. 'ది పిటిషన్ వాజ్ డిస్పోజ్డ్' అని వ్రాసిన అసంపూర్ణము; 'డిస్పోజ్డ్ ఆఫ్' అనవలెను. 'అప్లై' అనుదానికి రెండు తోడులు: ఎవరికి అనుచో 'టు', దేనికొరకు అనుచో 'ఫర్'. తహసీలుదారునకు, ధ్రువపత్రము కొరకు.

తెలియజేయుట అను అర్థముగల రెండు క్రియలు మన కచేరీ ఆంగ్లమును మిక్కిలి బాధించుచున్నవి. 'ఇన్‌ఫార్మ్' అనునది మనిషిని ముందు పట్టి, సంగతిని 'ఆఫ్'తో చెప్పును: 'ఇన్‌ఫార్మ్ ది కలెక్టర్ ఆఫ్ ది లాస్'. 'ఇంటిమేట్' సంగతిని ముందు పట్టి, మనిషిని 'టు'తో చెప్పును: 'ఇంటిమేట్ ది లాస్ టు ది కలెక్టర్'. మనవారు రెంటిని తారుమారుచేసి, 'ఇన్‌ఫార్మ్ టు ది కలెక్టర్' అనియు, 'ఇంటిమేట్ మి' అనియు వ్రాయుచుందురు. ఇట్టివి అర్థమును చెరుపవు. చదువువాడు చిరునవ్వు నవ్వి ముందుకు సాగును.

చిరునవ్వుతో పోనివి వేరే యున్నవి. 'సబ్‌స్టిట్యూట్' అను క్రియను చూడుడు. 'సబ్‌స్టిట్యూట్ కాయర్ ఫర్ నైలాన్' అనగా నైలాను త్రాటిని తీసి కొబ్బరిపీచు త్రాటిని పెట్టుమని. 'రిప్లేస్' వాడినచో మాటల వరుస తిరగబడును: 'రిప్లేస్ నైలాన్ విత్ కాయర్'. ఈ రెండు కలగలిపి 'సబ్‌స్టిట్యూట్ నైలాన్ విత్ కాయర్' అని వ్రాసినచో, ఏది పోవలెనో ఏది రావలెనో వర్తకుడు ఊహించుకొనవలెను. పీచు వ్యాపారమున్న కోనసీమలో ఇట్టి ఊహకు మూల్యము త్రాళ్ల లెక్కన చెల్లించవలసియుండును. 'రిజల్ట్ ఇన్' అనగా ఫలితముగా కలిగించుట; 'రిజల్ట్ ఫ్రమ్' అనగా ఫలితముగా కలుగుట. 'ది ఫ్లడ్ రిజల్టెడ్ ఫ్రమ్ ది బ్రీచ్' అనుచో గండి వలన వరద. 'ఇన్' పెట్టినచో వరద వలన గండి. నష్టపరిహారపు విచారణలో తప్పెవరిదను ప్రశ్న ఈ ఒక్క మాట మీద తిరుగవచ్చును.

వ్రాతకంటె చదువుట వద్ద ముప్పు హెచ్చుగానున్న సందర్భమొకటి కోనసీమ కుటుంబములకు బాగుగా తెలిసినదే. ఇక్కడినుండి కువైటు, ఒమాను మొదలగు గల్ఫు దేశములకు పనికి పోవువారు, అందును ఇంటిపనికి పోవు స్త్రీలు, అనేకులు. చేతికి వచ్చిన ఒప్పందపు కాగితములో పెద్ద మాటలకంటె చిన్న మాటలే జాగ్రత్తగా చూడదగినవి. 'ఎన్‌టైటిల్డ్ టు' అనగా మీకు రావలసిన హక్కు. 'లయబుల్ ఫర్ ది ఎయిర్‌ఫేర్' అనగా విమానపు ఖర్చు మీ మీద పడినది. 'లయబుల్ టు' అనగా దండనకో, కోతకో మీరు గురికాగలరు. 'రెస్పాన్సిబుల్ టు' అనుదాని తరువాత వచ్చునది మనిషి: మీరు ఎవరికి జవాబుదారులో చెప్పును. 'రెస్పాన్సిబుల్ ఫర్' అనుదాని తరువాత వచ్చునది పని లేక వస్తువు లేక బిడ్డ: దేనికి పూచీయో చెప్పును. 'ప్రొవైడెడ్ విత్ ఫుడ్' అనగా భోజనము వారు పెట్టుదురు. భోజనమునకు మీరే ఏర్పాటు చేసికొనవలెనన్నచో మాటలు వేరుగానుండును. సంతకము చేయకముందు ఆంగ్లము తెలిసినవారిచేత కాగితము చదివించుకొనువారు, 'జీతమెంత' అని మాత్రమే గాక 'ఫర్ తరువాత ఏమున్నది, టు తరువాత ఏమున్నది' అనియు అడుగవలెను.

చట్టములో ప్రిపొజిషను ఎంత బరువు మోయునో తెలుపు ఉదాహరణము ఒకటి కలదు. 1923 నాటి పనివారల నష్టపరిహార చట్టము ప్రకారము, ప్రమాదము ఉద్యోగమునుండి పుట్టినదై, ఉద్యోగము నడచుచుండగా జరిగినదై యుండవలెను. ఆంగ్లములో ఆ మాటలు 'అరైజింగ్ ఔట్ ఆఫ్ అండ్ ఇన్ ది కోర్స్ ఆఫ్'. 'ఔట్ ఆఫ్' కారణమును చెప్పును, 'ఇన్ ది కోర్స్ ఆఫ్' సమయమును, సందర్భమును చెప్పును. నడుమనున్న 'అండ్' చేత రెండును నిలువవలెను, ఒకటి చాలదు. పోర్‌బందరు చెంత ఉప్పుమళ్లలో పనిచేయువారు కొందరు, పని ముగించుకొని క్రీకు దాటుచుండగా, అందరును ఎక్కు బల్లకట్టు పడవ బోల్తాపడి మునిగిరి. వారి కుటుంబములకు పరిహారము రావలెనా అను వివాదము సుప్రీముకోర్టునకు పోయినది. 1958లో కోర్టు, ఆ ప్రమాదము ఉద్యోగము నడచుచుండగా జరిగినది కాదని తీర్పు చెప్పి పరిహారమును నిరాకరించెను. పనిచోటు విడిచిన పిదప అందరికిని ఉన్న దారిలో, అందరికిని ఉన్న పడవలో జరిగినదని వారి తలంపు. గోదావరి పాయలను రేవు పడవల మీద దాటి పనికి పోవుట ఎరిగిన కోనసీమవారికి ఈ తీర్పు వినుటకు కష్టముగానుండును. మాకును అట్లే యుండినది. ఆ తరువాతి చట్టములు ఇంటికి, పనికి నడుమ జరుగు ప్రమాదములకు కొన్ని షరతులపై చోటు కల్పించినవి. అయినను 2020 నాటి సామాజిక భద్రతా సంహితలో ఆ పాత మాటలు అట్లే నిలిచియున్నవి. నూరేండ్లు దాటినను వానిని మార్చుటకు ఎవరును సాహసింపలేదు.

ఇన్ని జతలను కంఠస్థము చేయుటెట్లని అడుగుదురు. కంఠస్థము చేయవలదనియే మా సలహా. బజారులో దొరకు జాబితాలు అక్షరక్రమమున వందల జతలను పేర్చుచున్నవి; వానిని వల్లించిన విద్యార్థి పరీక్షనాడు 'ఆన్' ఏదో 'అప్' ఏదో తెలియక తికమకపడును. నిఘంటువును చూచు విధము మార్చుకొనుట మేలు. మనలో అనేకులు నిఘంటువును అర్థము కొరకే తెరతురు. అర్థము దొరకగానే మూయుదురు. ఆల్బర్ట్ హార్న్‌బీ అను ఆంగ్లోపాధ్యాయుడు జపానులో పాఠములు చెప్పుచు, పరదేశి విద్యార్థికి మాట అర్థము తెలిసినను దానిని వాక్యములో ఎట్లు కూర్చవలెనో తెలియకున్నదని గ్రహించెను. అందుచేత ఇద్దరు సహచరులతో కూడి, ప్రతి క్రియకును అది నడచు తీరును గుర్తులతో చూపు నిఘంటువును కూర్చెను. అది 1942లో జపానులో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణగా ప్రపంచమునకు వచ్చినది. నేటి ఆక్స్‌ఫర్డు విద్యార్థి నిఘంటువు దాని సంతతియే. మనకు చేరువలో, 1958లో హైదరాబాదున నెలకొల్పిన కేంద్రీయ ఆంగ్ల సంస్థ మన ఉపాధ్యాయులకు ఆంగ్లబోధనలో తరిఫీదు ఇచ్చినది. అదియే నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము.

కావున క్రియను వెదకినప్పుడు అర్థము క్రిందనున్న ఉదాహరణ వాక్యమును కూడ చదువుడు. దానిని పూర్తిగా, మీ ఊరి మాటలతో మార్చి ఒక కాగితము మీద వ్రాసికొనుడు. 'అప్లై' అని మాత్రము వ్రాసికొనుట వ్యర్థము. 'ఐ అప్లైడ్ టు ది తహసిల్దార్ ఫర్ ఎ సర్టిఫికెట్' అని వ్రాసికొన్నచో చెవిలో నిలుచును. ఒక మాట మాత్రము మరువరాదు: ఆంగ్లము అన్నిచోట్ల ఒక్కటి గాదు. అమెరికావారు 'రైట్ మి' అందురు, ఇంగ్లండువారు 'రైట్ టు మి' అందురు. 'ప్రొటెస్ట్ ది డెసిషన్' అక్కడ సరియైనది. ఇక్కడ 'ఎగైన్‌స్ట్' కావలెనందురు. 'డిస్కస్ ఎబౌట్' అనుదానిని భారతదేశములోనే గాక ఆఫ్రికా దేశములలోను వాడుచున్నారు. ఇది ఒకనాటికి ఒప్పగునేమో. ముచ్చటలలో దానిని మేము దిద్దము. ఉద్యోగపు దరఖాస్తులో, కోర్టు కాగితములో, విశ్వవిద్యాలయమునకు వ్రాయు లేఖలో మాత్రము దిద్దుదుము. అక్కడ చదువువాడు మనలను ఎరుగడు, మన కాగితమునే ఎరుగును.

ఉప్పలగుప్తపు అర్జీలో ఇంక మిగిలినది చివరి వాక్యము: 'లుకింగ్ ఫార్వర్డ్ టు రిసీవ్ యువర్ రిప్లై.' ఇది పెద్ద చదువులు చదివినవారిని సైతము మోసగించును. 'టు రిసీవ్' అను రూపము చూడ చక్కగానే యున్నది. కాని ఇక్కడి 'టు' క్రియకు ముందు వచ్చు 'టు' కాదు. 'కొరకు' అను అర్థముతో నామమును ఆశించు ప్రిపొజిషను. దాని తరువాత నామమైనను, 'ఇంగ్' చేరిన రూపమైనను రావలెను: 'రిసీవింగ్' అనియో, 'యువర్ రిప్లై' అనియో. 'ఆబ్జెక్ట్ టు', 'యూస్డ్ టు' అనువాని నడకయు ఇదే. అనుమానము వచ్చినచో 'టు' తరువాత 'ఇట్' అను మాట పెట్టి చూడుడు. వాక్యము నిలిచిన, అది ప్రిపొజిషనే.

మనుమడు అర్జీని తిరుగ వ్రాసెను. 'అగ్రీ విత్' అనియు, సొమ్ము భరించుటకు రైతులు ఎన్నడును సమ్మతింపలేదనియు స్పష్టముగా చేర్చెను. 'డిస్కస్డ్' తరువాత 'ఎబౌట్' పోయినది, 'రిక్వెస్ట్' తరువాత 'ఫర్' పోయినది. పెద్దమనిషి మాత్రము, 'కైండ్లీ' అను మాట మూడుచోట్ల ఉండవలెనని పట్టుబట్టిరి. దానికి మేము అడ్డుచెప్పలేదు. 'ఇన్', 'ఆన్', 'ఎట్' అను మూడింటిని కాలమునకు, స్థలమునకు ఎట్లు వాడవలెనో అడుగుచు అదే ఉత్తరము వెనుక ఆ బాలుడు వేరొక ప్రశ్న వ్రాసియున్నాడు. దానిని రాబోవు ప్రసంగములో తీసికొందుము.